పర్యాటక శాఖ మంత్రి గారికి: బీచ్ ఒడ్డున అద్దెకిచ్చే ఇంటికి ఓనరెవరో చెప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒంగోలు నుంచి రాస్తున్నాను. హోటల్లో దిగితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు అడగడానికి ఒక కౌంటరుంటుంది, దాని వెనక ఒక మేనేజరుంటాడు. సముద్రం ఒడ్డున రోజు లెక్కన అద్దెకిచ్చే ఇళ్ళకు అది కూడా లేదు. వాట్సాప్‌లో ఫొటోలు, ఫోన్‌పేలో అడ్వాన్సు, గేటు దగ్గర వాచ్‌మన్, అంతే. ఈ ఇళ్ళ గురించే ఈ ఉత్తరం.

ఇవి మాకు అక్కర్లేదని కాదండీ, చాలా అవసరం. పండక్కి హైదరాబాద్, బెంగళూరు నుంచి తోబుట్టువులంతా దిగితే హోటల్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది. ఇల్లయితే వంటగది ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి కింద గది ఇవ్వొచ్చు. ఒడ్డున కొన్న చేపలు మనమే పులుసు పెట్టుకోవచ్చు. పిల్లలు హాల్లో చాపలేసుకుని తెల్లవార్లూ కబుర్లు చెప్పుకుంటారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు చీరాల వాడరేవు, రామాపురం బాపట్ల జిల్లాకు పోయాయి, వాటితోపాటే అక్కడి రిసార్టులూ పోయాయి. ఒంగోలు వాళ్ళకు దగ్గర్లో మిగిలింది కొత్తపట్నం, పాకల. నెల్లూరు వాళ్ళకు మైపాడు, కోడూరు ఉన్నాయి, కావలి వాళ్ళకు తుమ్మలపెంట. ఇలాంటి చోట్ల కుటుంబమంతా రాత్రి ఉండాలంటే ఎక్కువమందికి ఈ అద్దె ఇళ్ళే దిక్కు.

మేము తీసుకున్న ఇల్లు ఏ ఊళ్ళోదో రాయను. ఓనరు పేరు రాద్దామన్నా నాకు తెలియదు. నా ఫిర్యాదే అది.

ఫొటోలో నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా, నీలంగా ఉన్నాయి. బంగాళాఖాతం మన ఒడ్డున ఎప్పుడు అలా ఉందండీ? అక్కడే అనుమానం వచ్చింది, కానీ బావగారు అప్పటికే సగం డబ్బు పంపేశారు. సముద్రం కనిపిస్తుందన్న మాట మాత్రం నిజమే, మేడ మీదికెక్కితే కనిపిస్తుంది. మధ్యలో రొయ్యల చెరువులు, ఆ తర్వాత సరుగుడు తోట, దాని అవతల సముద్రం. కుళాయి తిప్పితే ఉప్పునీళ్ళు. తీరంలో ఇసుక కింద మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలే పలచని పొరగా ఉంటాయి, మోటారుతో అదేపనిగా తోడితే ఉప్పు పైకొస్తుంది. ఆ ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. తాగడానికీ వండడానికీ క్యాన్లు కొన్నాం. కరెంటు పోతే జనరేటరు డీజిల్ మాదేనట. ఈ చివరి సంగతి అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ఇవన్నీ సర్దుకున్నాం. అడిగితే వాచ్‌మన్ ఒకటే మాట: "సార్ ఫోనెత్తడంలేదమ్మా, నేనేం జేసేది." పాపం, ఆయన్ని అని ఏం లాభం?

మా చెల్లెలి సంగతి ఇంకా అన్యాయం. కార్తీకంలో వేరే ఇంటికి పూర్తి అద్దె ముందే కట్టారు. వాయుగుండం పట్టింది, బీచ్‌లకు పోవద్దని అధికారులు ప్రకటించారు. డబ్బు వెనక్కి అడిగితే అద్దెకిచ్చినవాడు, "ఇల్లు బానే ఉంది కదా, మీరు రాకపోతే నాదా తప్పు" అన్నాడు. తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది. మంత్రిగారూ, మన తీరంలో ఈ ఇళ్ళకు గిరాకీ కార్తీకం వనభోజనాలతో మొదలై సంక్రాంతి దాకా ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా వచ్చే కాలమూ అక్టోబరు నుంచి డిసెంబరే. 2023లో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, కార్తీకం ఇంకా ముగియకముందే. అంటే ఈ గొడవ ఏటా ఎక్కడో ఒకచోట జరగాల్సిందే. తుఫాను హెచ్చరిక ఉన్న రోజులకు కట్టిన డబ్బు మొత్తం తిరిగివ్వాలని ఒక్క జీవో ఇస్తే ఇది తేలిపోతుంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు అంటారు. పోవచ్చు. కానీ కేసు వేయాలంటే ఎదుటివాడి పేరు, అడ్రసు కావాలి. మా దగ్గర ఉన్నది పలకని నంబరు, యూపీఐలో కనిపించిన సగం పేరు. పెద్ద పెద్ద యాప్‌లలో అయితే అమ్మేవాడి వివరాలు చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. కానీ మన వైపు బుకింగులు ఎక్కువగా ఫేస్‌బుక్ పేజీలు, వాట్సాప్ స్టేటస్‌ల మీదే నడుస్తున్నాయి.

అందుకే నేను ముఖ్యంగా అడిగేది ఇది: ప్రతి అద్దె ఇంటికీ ఒక రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు. నంబరు కొడితే ఓనరు పేరు, ఊళ్ళో అందుబాటులో ఉండే మనిషి ఫోను, ఎంతమందికి అనుమతి ఉంది, దగ్గర్లో తుఫాను షెల్టరు ఎక్కడ అన్నవి కనిపించాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. గోవాలో 1982లోనే పర్యాటక వ్యాపారుల నమోదుకు చట్టం చేశారు. కేరళ హోమ్‌స్టేలను చూసి, తరగతులుగా విడదీసి సర్టిఫికెట్ ఇస్తుంది. అంతెందుకు, 1867లో బ్రిటిష్ వాళ్ళు చేసిన సరాయిల చట్టంలోనే సత్రం నడిపేవాడు జిల్లా మేజిస్ట్రేటు దగ్గర పేరు రాయించుకోవాలని ఉంది. గుర్రం బండిలో వచ్చిన బాటసారికి ఉన్న ధీమా కారులో వచ్చిన మాకెందుకు లేదు?

రిజిస్ట్రేషన్ పెడితే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న గ్రామీణ తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కూడదు. ఎక్కువున్న చోట ఆ దూరం 50 మీటర్లు. "గేటు తీస్తే ఇసుకే" అని ప్రకటించే ఇళ్ళలో ఎన్నిటికి అనుమతి ఉందో మాలాంటి వాళ్ళకు ఎలా తెలుస్తుంది? అన్నట్టు, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుగు కనిపించిన వైపు పోతాయి. మేము దిగిన ఇంటి మీద రాత్రంతా ఫ్లడ్‌లైట్లు సముద్రం వైపే వెలిగాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణభయం. పొద్దున పిల్లలు నీళ్ళ వైపు పరుగెత్తుతుంటే ఆ వాచ్‌మనే అడ్డం పడ్డాడు. "అక్కడ అల ఇరగడంలా, లాగేస్తది. దించబాకండమ్మా" అన్నాడు. మాకు ఆ చోటే నిమ్మళంగా కనిపించింది. ఒడ్డుకు కొట్టిన నీళ్ళు ఇసుక తిన్నెల మధ్య ఒక దారి చూసుకుని లోపలికి వేగంగా వెనక్కి పోతాయి. అక్కడ అలలు సరిగా విరగవు కాబట్టి కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుంటారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకుండా పక్కకు ఈదాలట. ఇదంతా మత్స్యకారుల పాలెంలో పుట్టిన వాళ్ళకు తెలుసు. ఇంట్లో మాత్రం చెప్పుల స్టాండు పక్కన "పార్టీలు నిషేధం" అనే బోర్డు తప్ప ఒక్క హెచ్చరిక లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ అలల ఎత్తు మీద రోజూ అంచనాలు ఇస్తుంది. వాటిని ప్రతి అద్దె ఇంట్లో తెలుగులో అంటించడానికి ఖర్చెంత? సెలవుల్లో పాలెం కుర్రాళ్ళకు జీతమిచ్చి ఒడ్డున గజ ఈతగాళ్ళుగా నిలబెడితే ఇంకా మంచిది.

ఆ పాలెం వాళ్ళ గురించే ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ప్రభుత్వం 2025 నుంచి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తోంది, సంతోషం. బడి వేసవి సెలవులు కూడా దాదాపు ఆ రోజులే. ఒడ్డున ఉన్నవాళ్ళకు పని ఉండదు, ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఒడ్డున గది దొరకదు. కేంద్రం హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం ఉంటున్న ఇంట్లో ఒకటి నుంచి ఆరు గదుల దాకా అద్దెకివ్వొచ్చు. 2025-26 బడ్జెట్‌లో వాటికి ముద్ర రుణాలు కూడా ప్రకటించారు. పట్టపుపాలేల్లో అన్ని ఇళ్ళూ దీనికి పనికొస్తాయని అనను, అందరికీ ఇష్టం ఉంటుందనీ అనను. కానీ శుభ్రమైన బాత్రూము, లోపల గడియ పడే తలుపు, పొద్దున్నే ఇంత చేపల పులుసు ఉంటే, పక్క గదిలో ఓనరమ్మ ఉన్న ఇంటికే నేను ఆడపిల్లల్ని తీసుకుని ధైర్యంగా పోతాను. ఫ్యాన్ మీదా అద్దం వెనకా కెమెరాలున్నాయేమోనని ఫోన్ టార్చి వేసి వెతుక్కునే టెన్షన్ అక్కడ ఉండదు.

మీ 2024-29 పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. స్టార్ హోటళ్ళకు రాయితీలు ఇవ్వండి, వద్దనను. దాంతోపాటు కొత్తపట్నం, పాకల, మైపాడు, తుమ్మలపెంట పంచాయతీల్లో ఉన్న అద్దె ఇళ్ళ లెక్క ముందు తీయించండి. వచ్చే కార్తీకానికి ఆ జాబితా మీ వెబ్‌సైట్‌లో పెట్టించండి. పెట్టేటప్పుడు తెలుగులో కూడా ఉండేలా చూడండి. మా అత్తగారు ఇల్లు తనే చదివి ఎంచుకుంటానంటున్నారు.

ఇట్లు,
ఒంగోలు నుంచి ఒక టీచరు