కారు తాళం వాచ్‌మన్ దగ్గర నుంచి తీసేసుకున్నాను

విశాఖపట్నం

నాన్నా చైతన్యా,

ఓడ ఎక్కే ముందు నువ్వు వాచ్‌మన్‌కు కారు తాళం ఇచ్చి, బ్యాటరీ దిగిపోకుండా వారానికోసారి పది నిమిషాలు ఇంజిన్ తిప్పమని చెప్పి వెళ్లావు. ఆ ఏర్పాటు మాన్పించాను. ఫోనులో చెబుదామంటే నీకు సిగ్నల్ అందేది కాసేపే, అది నీ క్షేమం అడగడానికే చాలదు. అందుకే రాస్తున్నాను. డ్యూటీ లేనప్పుడు తీరిగ్గా చదువు.

ముందు లెక్క చూడు. మన కారులో ఉన్నది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అంటే ఒక ఆంపియర్ చొప్పున వాడితే సుమారు 35 గంటలు వచ్చేది. తాళం వేసి పక్కన పెట్టినా అలారం, సెంట్రల్ లాకింగ్, లోపలి కంప్యూటర్ కలిసి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం, ఇప్పటి కార్లలో అది మామూలే. రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు, వారానికి ఐదు, నెలకు దాదాపు 22. నెల తిరిగేసరికి బ్యాటరీలో మిగిలేది మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. నువ్వు ముందు అద్దం దగ్గర కొత్తగా పెట్టించిన డాష్‌క్యామ్ కెమెరా కారు ఆగి ఉన్నప్పుడూ పనిచేసే రకమైతే నెల దాకా కూడా రాదు. నిలబడ్డ చోట పది నిమిషాలు ఇంజిన్ తిరిగితే, దానితో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీలోకి పంపేది ఒకటి, మహా అయితే రెండు ఆంపియర్ అవర్లు. ఐదు పోయిన చోట రెండు వస్తే ఆరు నెలలకు ఏం మిగులుతుందో నీకు చెప్పనక్కర్లేదు.

పైగా అది ఇంజిన్‌కూ మంచిది కాదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు పుడుతుంది. బండి రోడ్డు మీద తిరిగితే ఆ ఆవిరంతా వేడికి బయటికి పోతుంది. పది నిమిషాలకే ఆపేస్తే సైలెన్సర్‌లో చల్లబడి తుప్పు పట్టిస్తుంది, కొంత ఇంజిన్ ఆయిల్‌లోనూ చేరుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చనిది ఇంకొకటి. మన సెల్లార్‌లో గాలి ఆడదు. సాయంత్రమైతే పిల్లలంతా అక్కడే సైకిళ్లు తొక్కుతారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు.

సీసం బ్యాటరీ నిండుగా ఉంటే నెలల తరబడి కదలకపోయినా పెద్దగా నష్టం లేదు. దాన్ని ఖాళీగా వదిలేయడమే ముప్పు. ఎందుకో ఇంటర్‌లో నా క్లాసులోనే విన్నావు, మళ్లీ చెబుతాను. ఒక పలకలో సీసం, రెండో పలకలో లెడ్ డయాక్సైడ్, మధ్యలో పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం. కరెంటు వాడుతున్న కొద్దీ రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన నాటి నుంచి ఈ రసాయన చర్య మారలేదు. అప్పుడే ఏర్పడిన సల్ఫేట్ మెత్తని పొడిలా ఉంటుంది, చార్జింగ్ పెడితే తిరిగి కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే ఉంచితే సన్న రేణువులు గట్టి స్ఫటికాలుగా పెరుగుతాయి. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా ఆ భాగం తిరిగి రాదు. మెకానిక్కులు సల్ఫేషన్ అనేది దీన్నే. 2020 లాక్‌డౌన్ సడలించాక ఎన్నో ఇళ్ల ముందు కార్లు స్టార్ట్ కాక మొరాయించాయి కదా, అవన్నీ ముసలి బ్యాటరీలేమీ కావు.

ఓడ మీద రేడియో బ్యాటరీల వోల్టేజీ రోజూ చూసి లాగ్‌బుక్‌లో రాస్తానని నువ్వే చెప్పావు. నువ్వు నెలనెలా వాయిదా కడుతున్న కారుకు ఆ మాత్రం శ్రద్ధ వద్దా?

అందుకే బ్యాటరీని ఇంట్లోకి తెచ్చేశాను. 10 నంబరు స్పానర్‌తో ముందు మైనస్ విప్పాను, తర్వాతే ప్లస్. కారు బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. ముందుగా ప్లస్ విప్పబోతే స్పానర్ పక్కనున్న ఇనుముకు తగిలి నిప్పులు చిమ్ముతుంది. ఇది నువ్వు ఎప్పుడూ మరిచిపోకూడదు. సెల్లార్‌లో ప్లగ్ పాయింటు ఉంటే మైనస్ ఒక్కటే విప్పి అక్కడే చార్జింగ్ పెట్టేదాన్ని. లేదు కాబట్టి కింది అంతస్తు అబ్బాయి మోసుకొచ్చి బాల్కనీలో పెట్టాడు. వంటింటికీ దేవుడి దీపానికీ దూరంగా పెట్టించాను, ఎందుకంటే చార్జింగ్ అయ్యేటప్పుడు నిప్పు తగిలితే అంటుకునే హైడ్రోజన్ వస్తుంది. పక్కింటి పిన్నిగారు సిమెంటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందని చెక్క పలక తెచ్చి ఇచ్చారు. పాతకాలపు పెట్టెలకు అది కొంత నిజమే, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకు వర్తించదు. అయినా ఆవిడ ప్రేమగా తెచ్చారని పలక వాడుతున్నాను.

ఆటోమేటిక్ చార్జర్ కొన్నాను. అది 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.5 దగ్గరికి తగ్గుతుంది. మెకానిక్ షెడ్డులో ఉండే పాతరకం చార్జర్ అలా తగ్గదు. మరిచిపోతే లోపలి నీటిని మరిగించేస్తుంది. చార్జింగ్ తీసేసిన మర్నాడు మల్టీమీటర్ పెడితే 12.7 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉన్నట్టే. వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. 12.4 అంటే నాలుగింట మూడు వంతులు ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఏ తీగా కలపకపోయినా 25 డిగ్రీల వేడిలో నెలకు 3 నుంచి 5 శాతం దానంతట అదే తగ్గుతుంది. మన ఎండలకు ఇంకా త్వరగా తగ్గుతుంది. అందుకని నెలకోసారి చూస్తాను, 12.4కు రాగానే మళ్లీ చార్జింగ్ పెడతాను. మూతలున్న రకం కాబట్టి నీటి మట్టం కూడా చూస్తాను. పోస్తే డిస్టిల్డ్ వాటరే. వంటింట్లో ఆర్వో నీళ్లు ఉన్నాయి కదా అని నువ్వు ఎప్పుడూ పోయకు, వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి.

సముద్రపు గాలికి టెర్మినల్స్ మీద పచ్చగా, తెల్లగా పూసింది. వంట సోడా నీళ్లతో కడిగి, ఆరాక వాసెలిన్ రాశాను. హ్యాండ్ బ్రేకు దించి, గేరులో ఉంచి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాను. బ్యాటరీ లేకపోతే రిమోట్ పనిచేయదు కాబట్టి, దానిలో దాగి ఉన్న తాళంతోనే తలుపు వేశాను.

నువ్వు వచ్చే ముందు రోజు ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగిస్తాను. గడియారం సరిచేసుకోవాలి, అద్దాలు ఒక్క నొక్కుతో లేవకపోతే మాన్యువల్ చూసి సెట్ చేసుకో. తర్వాత ఇద్దరం అన్నవరం దాకా వెళ్లి వద్దాం, నాకూ స్వామిని చూసినట్టు ఉంటుంది.

ఈలోగా ఒక్క సంగతి కనుక్కుని రాయి. ఆ డాష్‌క్యామ్ తీగను ఏ ఫ్యూజు దగ్గర కలిపారు? ఇంజిన్ ఆపగానే ఆగిపోయేలా మార్పించుకోవాలి. లేకపోతే నువ్వు ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా అది రాత్రింబవళ్లు బ్యాటరీని తాగుతూనే ఉంటుంది.

ఆశీస్సులతో,
అమ్మ