కుర్చీలు ఖాళీ చేసింది యూట్యూబ్ కాదు

సంపాదకుడు గారికి,

త్యాగరాజ ఆరాధన కచేరీకి జనం రాలేదంటూ ఆమధ్య మీ జిల్లా పేజీలో ఖాళీ కుర్చీల ఫొటో వేశారు. అందరూ ఇంట్లో ఫోన్లలోనే కచేరీలు వినేస్తున్నారని, ఊళ్ళో అభిరుచి చచ్చిపోయిందని మీ విలేకరి తేల్చేశారు. కోపం చల్లారాక రాయండని మా ఆవిడ అంటే ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారలేదు.

ఆ ఫొటో రాత్రి ఎనిమిది దాటాక తీసింది. ఆరింటికి వచ్చి ఉంటే వెనక వరసల దాకా జనం కనపడేవాళ్ళు. కచేరీ ఆరింటికని కరపత్రంలో వేశారు, ముఖ్య అతిథి గారు దయచేసింది ఏడుంబావుకి. మృదంగం ఆయన పాపం ఎడమవైపు మూతకి నాదం కోసం తడి రవ్వ ముద్ద అద్దుకుని, శ్రుతి సరిచూసుకుని ఓ పక్కన కూర్చున్నాడు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఆ రవ్వ ఎండి పెచ్చులు లేచింది. అదంతా గీకేసి మళ్ళీ అద్దుకున్నాడు. వ్యాఖ్యాత ‘ఎందరో మహానుభావులు’ అంటూ చేతులు జోడిస్తే త్యాగయ్యకేమో అనుకున్నాం. కాదు, వేదిక మీది నాయకులకట! ఫ్లెక్సీలో త్యాగయ్యది పాస్‌పోర్టు సైజు బొమ్మ, వాళ్ళవి నిలువెత్తువి. ముఖ్య అతిథి లేవగానే ఆయన పరివారమంతా లేచింది. పల్లెలకు ఆఖరి బస్సు అందుకోవలసినవాళ్ళూ లేచారు. అప్పుడు మొదలైంది పాట.

తొమ్మిదయ్యేసరికి హాలు సిబ్బంది లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు. కచేరీకి గుండెకాయలాంటి రాగం తానం పల్లవి ఎగిరిపోయింది. ఎండిన రవ్వను రెండోసారి తడుపుకున్న ఆ మనిషికి తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వినిపించే ఘట్టం, రెండు నిమిషాలు దక్కింది.

అదే రోజు పొద్దున దూరదర్శన్‌లో త్యాగయ్య సమాధి ఉన్న తిరువయ్యారు ఆరాధన చూశాను. విద్వాంసులు ఎదురెదురు వరసల్లో నేల మీద కూర్చుని, నాట రాగంతో మొదలుపెట్టి శ్రీరాగం దాకా త్యాగయ్య పంచరత్న కృతులు అయిదూ ఒక్క గొంతుగా పాడారు. కృతికీ కృతికీ మధ్య సన్మానాలు పెట్టాలని అక్కడ ఎవరికీ తోచలేదు.

రికార్డింగుల మీద నాకు పగేమీ లేదు. విజయవాడ రేడియో కేంద్రం పొద్దున్నే భక్తిరంజని వినిపించబట్టే మా తరానికి చెవులు తయారయ్యాయి. మూడు నాలుగు నిమిషాల్లో కృతి ముగించాల్సిన గ్రామఫోను ప్లేట్ల కాలం పోయి, ఇప్పుడు మూడు గంటల కచేరీ ఫోన్లో దొరుకుతోంది. సంతోషమే. ఆలాపన పైస్థాయి ‘స’, అదే తారషడ్జం, అందుకోబోతుండగా టూత్‌పేస్టు ప్రకటన దూరుతుంది, అది వేరే సంగతి. అయితే ఒకే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడే నెరవల్లో గాయకుడు ఓ కొత్త సంగతి వేసినప్పుడు, వయొలిన్ దాన్ని అందుకుని తిప్పి ఇచ్చినప్పుడు, ముందు వరసలోంచి ఎవరో ‘భళా’ అంటే ఆయన ఇంకో రెండు ఆవర్తాలు ఉత్సాహంగా పాడతాడు. ఫోను ముందు నేనెన్నిసార్లు భళా అన్నా అందులోని పాట అంతే ఉంటుంది. దానికోసమే కదా మోకాళ్ళ నొప్పులతో హాలు దాకా వచ్చేది.

ఇక ఆ పురపాలక ఆడిటోరియం గురించి చెప్పకపోవడమే మేలు. ఏసీ మంత్రిగారొస్తేనే పనిచేస్తుంది. మైకు సౌండు వినాయకచవితి పందిట్లో పెట్టినంత. తంబురా శ్రుతి వినపడక గాయకుడు చేత్తో సైగ చేస్తే, మైకతను ఇంకా పెంచాడు. మరుగుదొడ్డికి తాళం. అద్దె మాత్రం మర్చిపోకుండా పెంచుతారు. పెళ్ళిళ్ళకూ పార్టీ సభలకూ ఇవ్వగా మిగిలిన రోజులు సంగీతానివి.

సన్మానాలు కచేరీ అయ్యాక పెట్టుకోండని నిర్వాహకుల్ని అడిగితే, అంతసేపు అతిథులు ఆగరండీ అన్నారు. మేం ఆగామే!

నెలాఖరున అదే హాల్లో ఇంకో కచేరీ ఉందట, కరపత్రం వచ్చింది. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అందరి పేర్లూ హోదాలతో సహా ఉన్నాయి. పక్కవాద్యాలు ఎవరో మాత్రం వేయలేదు.

ఒక రిటైర్డ్ టీచరు,
కృష్ణా జిల్లా