చెక్కు ఖజానాది, ఫొటో ఎవరిది?

సంపాదకుల వారికి,

పోయిన వారం జిల్లా పేజీలో ఆడపిల్ల పెళ్లికి సర్కారిచ్చే కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ ఫొటో వేశారు. ముందు నాయకులు, వెనక తహసీల్దార్. చెక్కు పట్టుకున్న తల్లి ముఖం సగమే పడింది. శీర్షికేమో 'ఎమ్మెల్యే సాయం'! రూ.1,00,116 చెక్కులో చివరి 116 చూసి ఆయన ఇంటి చదివింపులనుకున్నారేమో.

ఆ ఫైలు నడిచే తోవ చూడండి. మీసేవలో దరఖాస్తు, గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ, తహసీల్దార్ ధ్రువీకరణ. అర్హత అక్కడే తేలిపోయింది. అయినా ఎమ్మెల్యే ఆమోదానికి పోవాలె, అటెన్క ఆర్డీవో మంజూరు, ట్రెజరీ బిల్లు. తీరా చెక్కొచ్చినంక సభ పెట్టేదాకా బీరువాలో నిద్ర. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే చెల్లుబాటని 2012 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన. సారుకు తీరిక దొరికేలోపు గడువు దాటితే బ్యాంకు వాపసిస్తుంది, ఆ తల్లి మళ్లీ ఆఫీసు మెట్లెక్కాలె. రైతుల పెట్టుబడి సాయం రైతుబంధుకు 2018లో తొలి విడత చెక్కులిచ్చి, తర్వాత ఖాతాల్లోనే వేశారు కదా! ఖాతాలో వేస్తే ఫొటో రాదు, అదీ కష్టం.

పోస్టింగులదీ ఇదే కథ. తహసీల్దార్‌కైనా ఎస్సైకైనా ఎమ్మెల్యే సిఫారసు లేఖ కావాలె. లేఖతో వచ్చినాయన రూలు బుక్కు తెరుస్తాడా, లేఖ ఇచ్చినాయన చేసిన ఫోనెత్తుతాడా? నోటిమాట మీద పని చేయొద్దు, ఆదేశాలు రాతలో తీసుకోండని అధికారులకు 2013లో టీఎస్సార్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన నోట్‌ఫైళ్లలో 'చర్చించిన ప్రకారం' అని ఒక్క ముక్క ఉంటుంది. ఎవరితో చర్చ? ఆడిట్‌కు దొరికేది సంతకం పెట్టిన గుమాస్తానే.

2020 సెప్టెంబరులో ఊళ్లో రెవెన్యూ పని చూసే వీఆర్వో వ్యవస్థనే ఎత్తేశారు. అయిదేండ్లకు గ్రామ పాలన అధికారి అని కొత్త బోర్డు పెట్టి మళ్లీ తెచ్చారు. నడుమ ఊరి విచారణల భారమంతా ఒక్క గిర్దావర్ మీద పడితే పట్టించుకున్నవాళ్లు లేరు. శిస్తును గుత్తేదార్ల చేతిలోంచి తీసి జీతం తీసుకునే అధికారులకు అప్పగించి, 1865లో జిలాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసే పద్ధతి) పెట్టింది నిజాం దివాను సాలార్ జంగ్. నిజాం దర్బారు కాలంలోనే దఫ్తరు నడిచింది. ఇప్పుడు దఫ్తర్లోనే దర్బారు!

మీకొక విన్నపం. ఈసారి ఇట్లాంటి ఫొటో వేస్తే, చెక్కు మీది తేదీ, చేతికిచ్చిన తేదీ రెండూ కింద వేయండి.

– ఒక పాఠకుడు, హన్మకొండ