మన తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో మీరు అప్పగించిన పని ఒక్కటే: ఆటిజం ఉన్న మన పిల్లల శనివారం చదువు క్లాసు ఆగకూడదని. వానలకి రెండు వారాలు, దసరాకి ఒక వారం తప్ప ఆగలేదు. విశాఖ ఎంవీపీ కాలనీలో అద్దె లేకుండా హాలిచ్చిన అపార్ట్‌మెంట్ వాళ్లకి, సగం ధరకే కార్డులు లామినేషన్ చేసిచ్చిన మద్దిలపాలెం జిరాక్స్ షాపు అతనికి, వారం వారం హాజరు రాసిన తాతగారికి ముందుగానే ధన్యవాదాలు. చివర్లో చెబితే ఎవరూ వినరు, అప్పటికి అందరూ టిఫిన్ల దగ్గరుంటారు.

జులైలో సైకాలజీ మేడమ్ గారొకరు వచ్చి రెండు గంటలు మాట్లాడారు. రానివాళ్ల కోసం ముఖ్యమైనవి రాస్తున్నాను. "మావాడు గడగడా చదివేస్తాడు, వాడికి ఈ క్లాసెందుకు?" అని నన్ను అడగని తల్లిదండ్రులు లేరు. అర్థం అంతగా అందకపోయినా వయసుకి మించి చదివేసే ఈ తీరుకి 1967లోనే సిల్బర్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు హైపర్‌లెక్సియా అని పేరు పెట్టారు. మన క్లాసులో ఒక బాబున్నాడు. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌లో నిలబెడితే వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదువుతాడు. సింహాచలం, గాజువాక, కొత్తవలస, ఒక్క అక్షరం తప్పడు. "సింహాచలం వెళ్లాలంటే ఏ బస్సెక్కాలి నాన్నా?" అంటే మళ్లీ బోర్డే చదువుతాడు.

అందరూ ఇలాగే ఉండరు కూడా. 2006లో కేట్ నేషన్ అనే పరిశోధకురాలి బృందం ఆటిజం ఉన్న 41 మంది పిల్లల్ని పరీక్షించింది. కొందరికి అసలు చదవడమే రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి చదివింది బుర్రకెక్కడం కష్టమైంది. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఇచ్చిన సూత్రాన్ని మేడమ్ గారు బోర్డు మీద రాశారు: రాసింది పలకగలగడం ఒకటి, భాష అర్థం కావడం ఒకటి, రెండిటినీ గుణిస్తేనే చదువు. కూడితే రాదు. ఒకవైపు సున్నా ఉంటే రెండోవైపు ఎంతున్నా జవాబు సున్నాయే. సభ్యుల్లో ఉన్న లెక్కల మాస్టారు "ఈ మాట ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

ఈ పరిశోధనలు ఎక్కువగా ఇంగ్లీషు చదివే పిల్లల మీద చేసినవి. మన గుణింతాలు, ఒత్తుల సంగతి వేరు. మన లిపికి తోబుట్టువులాంటి కన్నడంలో మామూలు బడి పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడటానికి ఏళ్లు పడుతుందని సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో రాశారు. కాబట్టి ఆర్నెల్లకే "ఇంకా ఒత్తులు రాలేదేంటి" అని టీచరు మీద పడొద్దని మనవి.

డిసెంబరులో పిల్లల చేత నిమ్మరసం చేయించాం. ఇది కాస్త వివరంగానే రాస్తాను, నాకు రాయాలనుంది. కార్డుకి ఒకటే పని. "నిమ్మకాయ పిండు." "పంచదార రెండు చెంచాలు వెయ్యి." చదవాలి, చెయ్యాలి, తర్వాతి కార్డు తియ్యాలి. "చిటికెడు ఉప్పు వెయ్యి" దగ్గర మన బస్సుల బాబు ఆగిపోయాడు. మూడుసార్లు చదివాడు, స్పష్టంగానే. చెయ్యి కదల్లేదు. వాళ్లమ్మ లేవబోతే టీచరు కూర్చోమని సైగ చేశారు. పక్కనున్న పాపకి మాటలు రావు, బొమ్మల కార్డులు చూపించే మాట్లాడుతుంది. ఆ పాప రెండు వేళ్లతో ఉప్పు తీసి వాడి మొహం ముందు పెట్టింది. వాడు తన వేళ్లు చూసుకున్నాడు. తీశాడు, వేశాడు, కలిపాడు. ఆ తర్వాత కార్డుల్లేవు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాతేం చెయ్యాలో రాయడం మేమే మర్చిపోయాం! వాళ్లమ్మ ఖాళీ కార్డు మీద "అమ్మకి ఇవ్వు" అని రాసి పెట్టింది. చదివాడు, ఇచ్చాడు. ఉప్పు బాగా ఎక్కువైంది. ఆవిడ గ్లాసంతా తాగేసింది.

రైతు బజారు నుంచి నిమ్మకాయలు మోసుకొచ్చిన అమ్మమ్మగారికి ధన్యవాదాలు.

ఇక వాలంటీర్లు. వాట్సాప్ గ్రూపులో "తప్పకుండా వస్తాం" అని దణ్ణాల బొమ్మలు వరసగా పడతాయి. శనివారం పొద్దున్న చూస్తే నేను, టీచరు, తాతగారు. కాలేజీ పిల్లలైతే సర్టిఫికెట్ చేతికొచ్చిన వారం నుంచి కనబడలేదు. మన పిల్లలు ఒక కొత్త మొహానికి అలవాటు పడేసరికే నెల గడుస్తుంది. ఇకమీదట సర్టిఫికెట్లు ఏడాది చివర్లోనే ఇద్దామని నా ప్రతిపాదన.

"ముందు మాటలు రానివ్వండి, తర్వాత అక్షరాలు చూద్దాం" అని ఒక బడి మన బొమ్మల కార్డుల పాపని వెనక్కి పంపింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఆ కాగితం, పాప సర్టిఫికెట్ తీసుకెళ్లి చూపించాం. కాగితాలు ఉంచుకున్నారు, జవాబివ్వలేదు. పై ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాం. సారు మీటింగులో ఉన్నారు. నాలుగుసార్లూ.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. కొంచెం మిగిలింది. అనుమానాలుంటే ఆయన్నే అడగండి.

కార్డుల పెట్టె రెండో తాళంచెవి డిసెంబరు నుంచి కనబడటం లేదు. ఎవరి బ్యాగులో ఉన్నా ఈ శనివారం తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి