బ్యాలెట్‌లో మూడో పదవి గురించీ రాయండి

సంపాదకుడికి,

2025 నవంబరు 4 నాటి వర్జీనియా ఎన్నికల గురించి నేను చదివిన తెలుగు వార్తల్లో, హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన సంగతే కనిపించింది. సంతోషమే, మా ఇంట్లోనూ స్వీట్లు పంచుకున్నాం. కానీ అదే బ్యాలెట్‌లో ఆ తరవాతి పదవి రాష్ట్ర అటార్నీ జనరల్, అంటే రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద లాయరు. దాని గురించి ఒక్క ముక్క లేదు. ఇక్కడి తెలుగువాళ్లకి ఎక్కువ అవసరం పడేది నిజానికి ఆ పదవితోనే.

తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ఫోన్లో చెబితే "గవర్నమెంటు లాయర్ని జనం ఎన్నుకోవడమేంట్రా?" అన్నారు. మన దగ్గర రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం అడ్వొకేట్ జనరల్‌ని గవర్నర్ నియమిస్తారు, ప్రభుత్వం మారితే ఆయనా మారతారు. అమెరికాలో 43 రాష్ట్రాల్లో ఓటేసి ఎన్నుకుంటారు. (న్యూజెర్సీ లాంటి కొన్నిచోట్ల గవర్నర్ నియామకమే.) అలా గెలిచిన మనిషి కేంద్రం మీద కేసు వెయ్యాలా వద్దా అన్నది చాలావరకు తనే తేల్చుకుంటారు.

ఆ తేడా 2025 మొదట్లోనే మాకు తెలిసొచ్చింది. జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, ఇక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం రాదు. హెచ్1బీ ఇళ్లలో నెలలు నిండుతున్నవాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. మా అపార్ట్‌మెంట్లో ఒకమ్మాయి, ఉత్తర్వు అమల్లోకి రావాల్సిన ఫిబ్రవరి 19 లోపు కాన్పు అయిపోతే బావుండునని రోజులు లెక్కపెట్టుకునేది. 22 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు వెంటనే కోర్టుకెళ్లారు. పోటొమాక్ నది దాటితే వచ్చే మేరీలాండ్ అందులో ఉంది. మా వర్జీనియా లేదు, మా అప్పటి అటార్నీ జనరల్ జేసన్ మియారెస్ చేరలేదు. మొదట కోర్టులు దేశమంతటికీ స్టే ఇచ్చాయి గనక ఇది పైకి కనపడలేదు. జూన్ 27న సుప్రీంకోర్టు అలాంటి స్టేలకి కళ్లెం వేసేసరికి, ఇక స్టే కేసు వేసిన రాష్ట్రాలకే వర్తిస్తుందేమోనని, మన రాష్ట్రం కేసులో ఉందా లేదా అని అందరూ వెతుక్కోవడం మొదలైంది. జులైలో న్యూహాంప్‌షైర్‌లోని ఫెడరల్ కోర్టు క్లాస్ యాక్షన్ (ఒకే ఇబ్బంది ఉన్నవాళ్లందరి తరఫునా వేసే కేసు) కింద ఆ ఉత్తర్వుని ఆపబట్టి సరిపోయింది.

ఆ మియారెస్‌నే ఈసారి జే జోన్స్ ఓడించారు. జోన్సూ మచ్చ లేని మనిషేం కాదు. ప్రత్యర్థి పార్టీ నాయకుణ్ణి కాల్చడం గురించి 2022లో ఆయన పంపిన మెసేజ్‌లు అక్టోబరులో బయటపడ్డాయి. క్షమాపణ చెప్పారనుకోండి. ఇక్కడ సెప్టెంబరు 19 నుంచే ముందస్తు ఓటింగ్ మొదలైంది, మెసేజ్‌లు బయటపడేసరికే నేను వేసేశాను. ఆ మెసేజ్‌లు ముందే చదివి ఉంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కొందరు తేల్చుకున్నట్టే ఉంది: గవర్నర్‌గా గెలిచిన డెమొక్రాట్ అబిగేల్ స్పాన్‌బర్గర్‌కి 57 శాతం పైగా ఓట్లు పడితే, అదే పార్టీ జోన్స్‌కి 53 దగ్గర ఆగాయి.

2026 నవంబరులో టెక్సాస్, కాలిఫోర్నియా, జార్జియా, ఇల్లినాయిలలో ఈ పదవికి ఎన్నిక. డాలస్‌లో, అట్లాంటాలో తెలుగువాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. వీసా మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు. ఓటున్న నా స్నేహితుల్లోనే కొందరు పై రెండు పేర్లు చూసి కిందివి వదిలేస్తారు. అందుకని పోలింగుకి నెల ముందే ఆ అభ్యర్థులెవరో, ఏ కేసుల్లో చేరతామంటున్నారో రాయండి. మన ఊరి ఆడపడుచు గెలిచిందన్న వార్త తరవాత ఎలాగూ వేస్తారు.

– ఒక పాఠకుడు, ఆష్‌బర్న్, వర్జీనియా