సెటప్ సమయంలో బ్యాకప్ సరిచూడాలి

సంపాదకులకు,

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ బజార్లలో మా తెలుగు వర్తకులు చాలామంది పద్దులు కంప్యూటర్‌లోనే రాస్తున్నారు. లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయడానికి వచ్చేవారు సెటప్ మధ్యలో ఒక బ్యాచ్ ఫైల్ (వరుసగా నడిచే ఆదేశాలు రాసిన ఫైల్) నడిపి, నల్ల తెర క్షణకాలం కనబడి మాయం కాగానే బ్యాకప్ అయిపోయిందంటున్నారు. ఆ తెర మీద ఏం వచ్చిందో చదివే నాథుడు లేడు.

ఇలాంటి బ్యాకప్‌కు వాడే, ఫైళ్లు కాపీ చేసే విండోస్ ఆదేశం రోబోకాపీ పని ముగించాక ఇచ్చే సంఖ్య 8 గానీ అంతకు మించి గానీ ఉంటేనే వైఫల్యం. 1 వస్తే ఫైళ్లు చక్కగా కాపీ అయినట్టు. సున్నా కానిదంతా తప్పేనని లెక్కగట్టే సెటప్ మంచి బ్యాకప్‌ను కూడా విఫలమైందని ఆపేస్తుంది, దాంతో విసిగినవారు ఆ తనిఖీనే తీసేస్తారు; అసలు ప్రమాదం అక్కడే ఉంది. పైగా ఆ ఆదేశానికి ‘మిర్’ స్విచ్ (గమ్యాన్ని మూలానికి అచ్చు ప్రతిగా మార్చే ఐచ్ఛికం) పెడితే మూలంలో లేని ఫైళ్లను గమ్యం నుంచి తొలగిస్తుంది కనుక, పొరపాటున ఖాళీ ఫోల్డర్‌ను చూపితే పాత బ్యాకప్ సైతం తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ బ్యాచ్ ఫైల్ చేత, ఏం జరిగిందో నమోదు చేసే లాగ్ ఫైల్ రాయించి, అది దుకాణదారుకు చూపించాకే పాత వెర్షన్ తీయాలని సాఫ్ట్‌వేర్ విక్రేతలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక వర్తకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా