యుద్ధం పేజీలు దాటెయ్యకు బావా

ఒరే బావా,

'యుద్ధము–శాంతి'లో యుద్ధం పేజీలు తిప్పేసి నటాషా కథ ఒక్కటే చదువుతున్నానన్నావు చూడు, ఫోన్ పెట్టేసినా ఆ మాట నన్ను వదల్లేదు. అలా చదివితే నటాషా కూడా సగమే దక్కుతుందిరా.

అసలు టాల్‌స్టాయ్ మొదలుపెట్టింది ఈ కథ కాదు. సైబీరియా శిక్ష నుంచి 1856లో తిరిగొచ్చిన ఒక డిసెంబ్రిస్టు, అంటే జార్ చక్రవర్తి మీద తిరగబడ్డవాళ్లలో ఒకడి గురించి రాద్దామనుకున్నాడు. ఆ మనిషి అర్థం కావాలంటే వాళ్ల 1825 తిరుగుబాటు కావాలి. అతని కుర్రతనం తెలియాలంటే 1812 కావాలి. సరే, నెపోలియన్‌ని తరిమిన గెలుపొక్కటే రాసి, అంతకుముందు తిన్న దెబ్బలు దాచడానికి సిగ్గేసి 1805కి వెళ్లాడు. ఒక మనిషి కోసం వెనక్కి వెనక్కి వెళ్తూ చరిత్రలోకి వచ్చినవాడు, అందుకే ఆ పుస్తకానికి అలాంటి కట్టుబడి వచ్చింది. తిరుగుబాటు దాకా కథ రానేలేదు, చివర్లో కథానాయకుడు పియేర్ మాటల్లో దాని వాసన తగులుతుందంతే.

ఇక బొరొదినో, 1812లో నెపోలియన్‌తో రష్యా చేసిన పెద్ద యుద్ధం. సేనాపతి గుడారంలోంచి కాదు, యుద్ధం గురించి ఏమీ తెలియని పియేర్ కళ్లతో చూపిస్తాడు. పియేర్ పచ్చకోటు, తెల్లటోపీ వేసుకుని ఫిరంగుల మధ్యకి వెళ్లి నిలబడతాడు. సైనికులు మొదట విసుక్కుని, కాసేపటికి 'మా దొర' అనేసుకుంటారు. తర్వాత ఒక ఫ్రెంచి అధికారీ అతనూ ఒకరినొకరు పట్టుకుంటారు. ఎవరు ఎవరికి బందీయో ఇద్దరికీ తెలీదు! ఫిరంగి గుండు తలల మీదుగా దూసుకుపోగానే చెరోవైపు పరిగెడతారు. నెపోలియన్‌కి జలుబు చేసింది కాబట్టి రష్యా బతికిందన్న చరిత్రకారులకి టాల్‌స్టాయ్ జవాబు తెలుసా? అలాగైతే నీరెక్కని బూట్లు ఇవ్వడం మరిచిన నౌకరే రష్యాని కాపాడినట్టు!

ఒక్కచోట నేనొప్పుకోను. పియేర్‌కి అన్ని మనసులిచ్చినవాడు నెపోలియన్‌కి ఒక్కటీ ఇవ్వలేదు. అక్కడ సిద్ధాంతం గెలిచి పాత్ర ఓడింది. చరిత్ర మీద ఆ చివరి వ్యాసం కూడా నాకు బరువే. 1873 ముద్రణలో ఆయనే అలాంటివాటిని విడదీసి అనుబంధంలో పెట్టాడు. కావాలంటే అది దాటెయ్.

బొరొదినో ఉన్న మూడో సంపుటం రెండో భాగం మాత్రం ఒక్క పేజీ వదలకుండా చదివి నాకు ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

నీ
బావ